పాస్‌వర్డ్ పొడవు పరిమితి ఎలా పెట్టాలి: విండోస్, మ్యాక్, లైనక్స్, మొబైల్ అన్నిటిలో ఒకేలా పనిచేయాలంటే

"పాస్‌వర్డ్‌కి గరిష్ఠంగా ఎన్ని అక్షరాలు పెట్టమంటారు?" నెలకు రెండు మూడు సార్లైనా నన్ను ఎవరో ఒకరు ఈ ప్రశ్న అడుగుతారు. ఒక అంకె చెబితే కోడ్‌లో రాసుకుని వెళ్లిపోదామని వాళ్ల తొందర. అంకె చెప్పడం తేలికే. 64 అక్షరాల వరకు తప్పకుండా ఒప్పుకోండి, 512 బైట్లు దాటితే వద్దనండి. చిక్కంతా ఆ తర్వాతే. మీ అంకె మీరు ఒకచోట రాస్తారు. పాస్‌వర్డ్ నడిచే దారిలో ఇంకో ఐదారు చోట్ల వేరేవాళ్లు వేరే అంకెలు ముందే రాసిపెట్టి ఉంటారు. వాటిలో కొన్ని ఎర్రర్ ఇస్తాయి. కొన్ని గుట్టుచప్పుడు కాకుండా తోక కోసేస్తాయి. విండోస్‌లో పెట్టుకున్న పాస్‌వర్డ్ ఫోన్‌లో పనిచేయడం లేదని ఫిర్యాదు వచ్చిందంటే, చాలాసార్లు ఇలా కోసేసిన తోకే కారణం.

మొదలుపెట్టే ముందు ఒకటి తేల్చుకోండి. పాస్‌వర్డ్‌ను సరిచూసేది మీ సాఫ్ట్‌వేరేనా, లేక మీరు దాన్ని తీసుకెళ్లి వేరే సిస్టమ్‌కి అందిస్తున్నారా? మొదటిదైతే పరిమితి మీ చేతిలో ఉంటుంది. రెండోదైతే అవతలివాళ్ల పరిమితే మీ పరిమితి. కింది మెట్లు ముఖ్యంగా మొదటి రకానికి. రెండో రకం గురించి చివర్లో విడిగా రాశాను, అదే మీ పని అయితే 1, 2, 5, 6 మెట్లు చదివి అక్కడికి వెళ్లండి.

ఏమేం కావాలి

- పాస్‌వర్డ్ తాకే ప్రతి ప్రోగ్రామ్ సోర్స్ కోడ్, లేదా కనీసం ఆ లైబ్రరీల పేర్లు, వెర్షన్లు.
- యూనికోడ్ నార్మలైజేషన్ చేసే, అంటే ఒకే అక్షరానికి ఉన్న వేర్వేరు లోపలి రూపాలను ఒకే రూపానికి తెచ్చే లైబ్రరీ. చాలా భాషల్లో భాషతోపాటే వస్తుంది.
- నిజమైన విండోస్, మ్యాక్, లైనక్స్ మెషీన్లు, ఒక ఆండ్రాయిడ్ ఫోన్, ఒక ఐఫోన్. ఎమ్యులేటర్ ఉన్నా పని నడుస్తుంది గానీ, కీబోర్డ్ తేడాలు అసలు ఫోన్‌లోనే బయటపడతాయి.
- టెస్ట్ అకౌంట్లు ఓ ఇరవై. నిజమైన యూజర్ల పాస్‌వర్డ్‌లతో ఎప్పుడూ ప్రయోగాలు చేయకండి.

1. పాస్‌వర్డ్ నడిచే దారి గీయండి

ఒక కాగితం తీసుకుని, యూజర్ వేలు కీ మీద పడ్డ దగ్గర్నుంచి డేటాబేస్‌లో హ్యాష్ (పాస్‌వర్డ్ నుంచి లెక్కగట్టే, వెనక్కి తిప్పలేని విలువ) పడేదాకా మధ్యలో ఏమేం ఉన్నాయో వరసగా రాయండి. ఇన్‌పుట్ బాక్స్, ఆ భాషలోని స్ట్రింగ్, నెట్‌వర్క్‌లో వెళ్లే రిక్వెస్ట్, సర్వర్ ఫ్రేమ్‌వర్క్, హ్యాష్ ఫంక్షన్, డేటాబేస్ కాలమ్. ఒక్కోదాని పక్కన మూడు విషయాలు రాయండి: పరిమితి ఎంత, లెక్క దేనిలో, దాటితే ఏం చేస్తుంది.

మూడోది చాలామంది వదిలేస్తారు. "పరిమితి 72" అని రాసుకుంటారు, అది దాటితే ఏమవుతుందో రాయరు. ఎర్రర్ ఇచ్చే పరిమితితో పెద్ద ప్రమాదం లేదు, ఎవరో ఒకరు చూసి చెబుతారు. కోసేసే పరిమితి మాత్రం ఏళ్ల తరబడి ఎవరి కంటా పడకుండా ఉండిపోతుంది.

2. లెక్క దేనిలోనో ఖాయం చేయండి

"అక్షరం" అంటే ఒక్కో భాషకి ఒక్కో లెక్క. పైథాన్ 3లో పొడవు అడిగితే కోడ్ పాయింట్లు (యూనికోడ్ ఒక్కో గుర్తుకి ఇచ్చిన నంబర్లు) లెక్కపెడుతుంది. జావా, జావాస్క్రిప్ట్, సీషార్ప్ యూటీఎఫ్-16 ముక్కలు, అంటే రెండేసి బైట్ల ముక్కలు లెక్కపెడతాయి. గో, రస్ట్, పీహెచ్‌పీ మామూలు పొడవు ఫంక్షన్లు బైట్లు చెబుతాయి. స్విఫ్ట్ మాత్రం కంటికి ఒక అక్షరంలా కనిపించేదాన్ని ఒకటిగా లెక్కేస్తుంది.

ఇంగ్లిష్ అక్షరాలు, అంకెలతో టెస్ట్ చేస్తే ఈ లెక్కలన్నీ ఒకటే వస్తాయి. అందుకే బగ్ దొరకదు. తెలుగులో ఒకే ఒక్క అక్షరంతో చూడండి: "స్త్రీ". మనకు అది ఒక అక్షరం. లోపల స, పొల్లు, త, పొల్లు, ర, గుడి దీర్ఘం కలిపి 6 కోడ్ పాయింట్లు. తెలుగు కోడ్ పాయింట్ ఒక్కోటి యూటీఎఫ్-8లో (కోడ్ పాయింట్లను బైట్లుగా రాసే పద్ధతి) 3 బైట్లు, అంటే ఈ ఒక్క అక్షరం 18 బైట్లు. స్విఫ్ట్ ఏమంటుంది? అది ఆ సిస్టమ్‌లో ఉన్న యూనికోడ్ వెర్షన్ మీద ఆధారపడుతుంది. 2023లో వచ్చిన యూనికోడ్ 15.1లో తెలుగు ఒత్తులను విడగొట్టకూడదన్న నియమం చేరింది. దానికి ముందు సూత్రాల ప్రకారం "స్త్రీ" మూడు, ఆ తర్వాత ఒకటి. ఒకే యాప్ పాత ఫోన్‌లో ఒప్పుకున్న పాస్‌వర్డ్‌ను కొత్త ఫోన్‌లో "మరీ చిన్నది" అనొచ్చన్నమాట. కంటికి కనిపించే అక్షరాల లెక్కను పాస్‌వర్డ్ నియమాల్లో వాడొద్దని నేను గట్టిగా చెప్పేది ఇందుకే.

కాబట్టి ఇలా చేయండి:

- యూజర్ ఇచ్చిన స్ట్రింగ్‌ను ముందు ఎన్‌ఎఫ్‌సీ అనే ప్రామాణిక యూనికోడ్ రూపంలోకి నార్మలైజ్ చేయండి.
- కనీస పొడవును కోడ్ పాయింట్లలో చూడండి.
- గరిష్ఠ పొడవును యూటీఎఫ్-8 బైట్లలో చూడండి.

నార్మలైజేషన్ యూరప్ భాషల గొడవ అనుకునేవాళ్లకు ఒక మాట. తెలుగు ఐత్వం గుర్తుకి యూనికోడ్‌లో రెండు రూపాలు ఉన్నాయి. ఒకటి ఒకే కోడ్ పాయింట్, రెండోది ఎత్వం గుర్తు పక్కన ఐత్వం తోక గుర్తు చేర్చి రెండు కోడ్ పాయింట్లు. స్క్రీన్ మీద రెండూ ఒకటే. బైట్లలో ఒకటి 3, ఇంకోటి 6. హ్యాష్ దృష్టిలో రెండూ వేర్వేరు పాస్‌వర్డ్‌లు. ఎన్‌ఎఫ్‌సీ ఆ రెండిటినీ ఒకే రూపానికి తెస్తుంది. పాస్‌వర్డ్‌ల కోసం రాసిన ఇంటర్నెట్ ప్రమాణ పత్రం ఆర్‌ఎఫ్‌సీ 8265 కూడా ఎన్‌ఎఫ్‌సీనే చెబుతుంది.

హెచ్చరిక: ఎన్‌ఎఫ్‌సీ అన్నీ సరిచేయదు. "పాస్‌వర్డ్" అన్న మాటలోనే పొల్లు తర్వాత కనిపించని జీరో విడ్త్ నాన్ జాయినర్ (అక్షరాలు ఒత్తుగా కలవకుండా ఆపే గుర్తు) ఒకటి ఉంటుంది. అది ఉంటే మాట 10 కోడ్ పాయింట్లు, 30 బైట్లు. లేకపోతే 9 కోడ్ పాయింట్లు, 27 బైట్లు. కొన్ని కీబోర్డుల్లో అది సులువుగా పడుతుంది, కొన్నిట్లో అసలు దొరకదు. దాన్ని మీరు తీసేయాలని చూడకండి. పాస్‌వర్డ్‌ను చూపించే కన్ను బటన్ పెట్టండి, స్వ ఒత్తు పడిందో విడిగా ఉందో యూజర్‌కే తెలిసిపోతుంది.

3. హ్యాష్ ఫంక్షన్ పరిమితిని సరిచేయండి

కొత్త ప్రాజెక్ట్ అయితే ఆర్గాన్2ఐడీ వాడండి. దాని పాస్‌వర్డ్ పరిమితి 4 గిగాబైట్ల దగ్గర ఉంటుంది, మీకు అడ్డురాదు. ఎస్‌క్రిప్ట్ (scrypt), పీబీకేడీఎఫ్2 అనే హ్యాష్ ఫంక్షన్లు కూడా పొడవు విషయంలో ఇబ్బంది పెట్టవు.

బీక్రిప్ట్ ఉన్నవాళ్లు ఇక్కడ ఆగి నెమ్మదిగా చదవండి. అది మొదటి 72 బైట్లే చూస్తుంది. పైన చూసిన "స్త్రీ"ని నాలుగుసార్లు రాస్తే 72 బైట్లు నిండిపోయాయి. ఐదో అక్షరం నుంచి యూజర్ ఏం టైప్ చేసినా లెక్కలోకి రాదు. ఇంగ్లిష్‌లో 72 అక్షరాల పాస్‌వర్డ్ ఎవరు పెడతారులే అనుకోవచ్చు. తెలుగులో 24 కోడ్ పాయింట్లు అంటే చిన్న వాక్యం కూడా కాదు.

పైగా 73వ బైటు దగ్గర ఒక్కో లైబ్రరీ ఒక్కోలా ప్రవర్తిస్తుంది. పీహెచ్‌పీ పాస్‌వర్డ్ హ్యాష్ ఫంక్షన్ నిశ్శబ్దంగా కోసేస్తుంది. గో భాష లైబ్రరీ ఎర్రర్ ఇస్తుంది. పైథాన్ బీక్రిప్ట్ ప్యాకేజీ చాలాకాలం కోసేసి, 5.0 వెర్షన్ నుంచి ఎర్రర్ ఇవ్వడం మొదలుపెట్టింది. అంటే ప్యాకేజీ అప్‌డేట్ చేసిన రోజు పొద్దున్నే పొడవాటి పాస్‌వర్డ్ ఉన్నవాళ్లందరికీ సర్వర్ ఎర్రర్ రావచ్చు. పాత సర్వర్ పీహెచ్‌పీలో, కొత్తది గోలో ఉంటే, ఒకే డేటాబేస్‌ను రెండూ చదువుతుంటే, ఇక ఏమవుతుందో మీరే ఊహించుకోండి.

బీక్రిప్ట్‌లోనే ఉండాలంటే రెండు దారులు:

- 72 బైట్లు దాటితే మీ కోడే ముందుగా ఆపేసి, యూజర్‌కి స్పష్టంగా చెప్పడం. తేలికైన దారి, కానీ పొడవాటి వాక్యాన్ని పాస్‌వర్డ్‌గా పెట్టుకునేవాళ్లకు అన్యాయం.
- పాస్‌వర్డ్‌ను ముందు హెచ్‌మ్యాక్ ఎస్‌హెచ్‌ఏ-384లో, సర్వర్‌లో విడిగా దాచిన కీతో హ్యాష్ చేసి, బేస్64గా (బైట్లను మామూలు అక్షరాలుగా రాసే పద్ధతి) మార్చి, ఆ ఫలితాన్ని బీక్రిప్ట్‌కి ఇవ్వడం. ఫలితం ఎప్పుడూ సరిగ్గా 64 అక్షరాలు వస్తుంది, 72 లోపు ఇముడుతుంది.

రెండో దారిలో తప్పటడుగు వేయడం చాలా తేలిక. ఎస్‌హెచ్‌ఏ-512 బేస్64లో 88 అక్షరాలు వస్తుంది, మళ్లీ మొదటికే వచ్చారు. బేస్64 ఎందుకులే అని ముడి బైట్లు ఇస్తే ఇంకా ఘోరం. సీ భాష పద్ధతిలో రాసిన బీక్రిప్ట్‌లు సున్నా బైటు కనిపించగానే స్ట్రింగ్ అయిపోయిందనుకుంటాయి. ముడి హ్యాష్ మొదటి బైటే సున్నా అయ్యే అవకాశం 256లో ఒకటి. ఆ యూజర్ల పాస్‌వర్డ్ ఖాళీ స్ట్రింగ్‌తో సమానం, వాళ్లు ఒకరి పాస్‌వర్డ్‌తో ఇంకొకరు లోపలికి రాగలరు.

పాస్‌వర్డ్ ముందు వేరే డేటా అతికించి బీక్రిప్ట్‌కి ఇవ్వకండి. 2024 అక్టోబరు చివర్లో, లాగిన్ సేవలు అందించే ఆక్టా సంస్థ స్వయంగా కనిపెట్టి, ఆ తర్వాత బయటపెట్టిన లోపం ఇదే. క్యాష్ కీ కోసం యూజర్ ఐడీ, యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ వరసగా కలిపి బీక్రిప్ట్ చేశారు. యూజర్‌నేమ్ 52 అక్షరాలు లేదా అంతకంటే ఎక్కువైతే 72 బైట్లు అక్కడికే నిండిపోయేవి. కొన్ని పరిస్థితుల్లో పాస్‌వర్డ్ ఏదిచ్చినా సరిపోయేది.

4. అంకెలు పెట్టండి, దాటితే నోరు విప్పి చెప్పండి

కనీసం: అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ 2017 మార్గదర్శకాల్లో 8 అక్షరాలు అంది. 2025లో వచ్చిన నాలుగో సవరణలో, పాస్‌వర్డ్ ఒక్కదానితోనే లాగిన్ అయ్యేచోట 15 చేసింది, రెండో అంచె ఉన్నచోట 8 చాలు. ఒక్కో కోడ్ పాయింట్‌ను ఒక అక్షరంగా లెక్కపెట్టమనీ, కత్తిరించవద్దనీ అదే పత్రం చెబుతుంది.

గరిష్ఠం: కనీసం 64 అక్షరాలు ఒప్పుకోవాలని అదే సంస్థ సూచన. కోడ్ పాయింట్ యూటీఎఫ్-8లో 4 బైట్లు దాటదు, కాబట్టి 64 కోడ్ పాయింట్లకు 256 బైట్లు చాలు. నేను దాన్ని రెట్టింపు చేసి 512 పెడతాను. 1024 ఎందుకు పెట్టనో 5వ మెట్టులో కనిపిస్తుంది.

అసలు గరిష్ఠ పరిమితే తీసేస్తే పోలేదా అని అడుగుతారు. తీసేయకండి. 2013లో జాంగో ఫ్రేమ్‌వర్క్‌లో సరిగ్గా ఈ లోపం బయటపడింది. ఒక మెగాబైట్ పాస్‌వర్డ్ పంపితే, హ్యాష్ లెక్క కోసం సర్వర్ దాదాపు ఒక నిమిషం దానిమీదే కూర్చునేది. అలాంటివి పాతిక పంపితే సర్వర్ పని అయిపోయినట్టే. అందుకే బైట్ల పరిమితిని నార్మలైజేషన్‌కి ముందు ఒకసారి, తర్వాత ఒకసారి చూడండి. మొదటిది దాడి ఆపడానికి, రెండోది అసలు నియమం కోసం.

ఎర్రర్ మెసేజ్‌లో "చెల్లని పాస్‌వర్డ్" అని రాసి వదిలేయకండి. "ఈ పాస్‌వర్డ్ మరీ పొడవుగా ఉంది, కొంచెం తగ్గించండి" అని రాస్తే యూజర్‌కి దారి తెలుస్తుంది. బైట్లు, కోడ్ పాయింట్లు వాళ్లకు చెప్పి బుర్ర తినొద్దు. "12 అక్షరాలు మించరాదు" అని ఎక్కడైనా కనిపిస్తే నాకు వెంటనే ఒక అనుమానం వస్తుంది, వీళ్లు పాస్‌వర్డ్‌ను హ్యాష్ చేయకుండా ఏదో పాత కాలమ్‌లో దాస్తున్నారా అని. హ్యాష్ పొడవు పాస్‌వర్డ్ పొడవుతో మారదు కాబట్టి, అంత చిన్న పరిమితికి మంచి కారణం దొరకడం కష్టం.

ఈ నియమాలన్నీ ఒకే చోట రాసి అన్ని క్లయింట్లూ దాన్నే వాడేలా చూడండి. కుదరకపోతే తుది మాట సర్వర్‌దే అని పెట్టుకుని, క్లయింట్లలో ఉన్నదాన్ని యూజర్‌కి సాయంగా మాత్రమే చూడండి.

5. ఇన్‌పుట్ బాక్సులు, టెర్మినల్ సరిచూడండి

వెబ్ ఫారంలో మ్యాక్స్‌లెంగ్త్ (బాక్సులో ఎన్ని అక్షరాలు పట్టాలో చెప్పే సెట్టింగ్) పెట్టకండి. అది యూటీఎఫ్-16 ముక్కల్లో లెక్కపెడుతుంది, పేస్ట్ చేసినప్పుడు మిగిలింది చెప్పకుండా కోసేస్తుంది. అదే విలువను స్క్రిప్ట్ నింపితే కోయదు. అంటే ఒకే మనిషి, ఒకే పాస్‌వర్డ్, చేత్తో పేస్ట్ చేస్తే ఒకటి, స్క్రిప్ట్‌తో నింపితే ఇంకోటి. ఆండ్రాయిడ్‌లో మ్యాక్స్‌లెంగ్త్ పెట్టినా చెప్పకుండా కోసేస్తుంది. ఐఫోన్ టెక్స్ట్ ఫీల్డ్‌కి అలాంటి సెట్టింగే లేదు, ఎవరో ఒక డెవలపర్ చేత్తో రాసి ఉంటారు, ఆ కోడ్ వెతికి చూడండి. ఇన్‌పుట్‌ను మొత్తం రానివ్వండి, పొడవు ఎక్కువైతే కింద ఎర్ర అక్షరాల్లో చెప్పండి.

టెర్మినల్ ప్రోగ్రామ్‌లలో పాస్‌వర్డ్ అడిగే సీ లైబ్రరీ గెట్‌పాస్ ఫంక్షన్‌ను నమ్మకండి. సొలారిస్‌లో అది 8 అక్షరాలే ఇస్తుంది, మ్యాక్‌లో 128, లైనక్స్ గ్లిబ్‌సీలో పరిమితే లేదు. 2001లోనే పోసిక్స్ (యూనిక్స్ తరహా సిస్టమ్‌ల ఉమ్మడి నియమాలు) ప్రమాణం నుంచి దాన్ని తీసేశారు, అయినా పాత కోడ్‌లో ఇంకా బతికే ఉంది. బీఎస్‌డీ, మ్యాక్‌లలో రీడ్‌పాస్‌ఫ్రేజ్ వాడండి. బఫర్ సైజు మీరే ఇస్తారు.

టెర్మినల్‌కి దాని సొంత పరిమితి కూడా ఉంది. మామూలు లైన్ మోడ్‌లో లైనక్స్ ఒక లైన్‌కి, చివరి ఎంటర్‌తో కలిపి, 4096 బైట్లు ఇస్తుంది. మ్యాక్ 1024 దగ్గర ఆగుతుంది. గరిష్ఠం 512 పెట్టమన్నది ఇందుకే, రెండిట్లోనూ హాయిగా ఇముడుతుంది.

సీ భాషలో ఒక లైన్ చదివే ఎఫ్‌గెట్స్ ఫంక్షన్ వాడేవాళ్లు ఒకటి గమనించండి. నేను చూసిన ఒక ప్రోగ్రామ్‌లో బఫర్ 64 బైట్లు. యూజర్ 70 అక్షరాలు టైప్ చేస్తే మొదటి 63 బఫర్‌లోకి వచ్చేవి, మిగిలిన 7 లైన్‌లోనే వేచి ఉండేవి. వెంటనే "మళ్లీ టైప్ చేయండి" అని అడిగే రెండో ప్రశ్నకి ఆ ఏడే జవాబుగా వెళ్లిపోయేవి. యూజర్ కీ మీద వేలు పెట్టకముందే "రెండు పాస్‌వర్డ్‌లు కలవలేదు" అని వచ్చేది. పాపం ఆయన కీబోర్డ్ పాడైందేమోనని రెండు రోజులు అనుమానించాడు. చదివినదాని చివర కొత్త లైన్ గుర్తు లేకపోతే, మిగతా లైన్ మొత్తం చదివి పారేసి, ఎర్రర్ చూపించండి.

6. ఫైళ్లు, స్టోరేజ్ దగ్గర జాగ్రత్త

పాస్‌వర్డ్‌ను ఫైల్ నుంచి చదివేటప్పుడు చివరి లైన్ గుర్తు తీసేయండి. లైనక్స్‌లో అది ఒక బైటు, విండోస్‌లో రెండు. ఒకటే తీసేసే కోడ్ విండోస్ ఫైల్‌లో ఒక కనిపించని బైటు మిగులుస్తుంది. అలాగని ముందూ వెనకా ఖాళీలన్నీ కోసేయకండి, ఖాళీతో ముగిసే పాస్‌వర్డ్ పెట్టుకునే హక్కు యూజర్‌కి ఉంది.

విండోస్ పవర్‌షెల్ 5.1లో దారి మళ్లింపు గుర్తుతో (>) ఫైల్ రాస్తే అది యూటీఎఫ్-16లో, ముందు బైట్ ఆర్డర్ మార్క్‌తో (ఎన్‌కోడింగ్ ఏదో తెలిపే కొన్ని బైట్లు) వస్తుంది. లైనక్స్ ప్రోగ్రామ్ దాన్ని యూటీఎఫ్-8 అనుకుని చదివితే, 20 అక్షరాల పాస్‌వర్డ్ మధ్యమధ్యలో సున్నా బైట్లతో 40 బైట్లు దాటుతుంది. ఫైల్ ఎన్‌కోడింగ్ యూటీఎఫ్-8 మాత్రమే అని రాసిపెట్టండి, ముందు బైట్ ఆర్డర్ మార్క్ ఉంటే తీసేయండి, సున్నా బైటు కనిపిస్తే ఎర్రర్ ఇవ్వండి.

పాస్‌వర్డ్‌ను లేదా టోకెన్‌ను ఆపరేటింగ్ సిస్టమ్ తిజోరీలో దాచే ప్రోగ్రామ్‌లకి ఇంకో గోడ ఉంది. విండోస్ క్రెడెన్షియల్ మేనేజర్ ఒక్కో ఎంట్రీకి 2560 బైట్లే ఇస్తుంది. యూటీఎఫ్-16లో దాస్తే 1280 అక్షరాలు. పాస్‌వర్డ్‌కి అది చాలా ఎక్కువ, లాగిన్ టోకెన్‌కి మాత్రం చాలకపోవచ్చు. మ్యాక్ కీచెయిన్‌లో, లైనక్స్ సీక్రెట్ సర్వీస్‌లో బాగా నడిచిన కోడ్ విండోస్‌లో 1783 నంబర్ ఎర్రర్‌తో పడిపోతే, పైకి పొడవుతో సంబంధం లేని సందేశం వచ్చినా, ముందు సైజే చూడండి. మార్గం: తిజోరీలో ఒక చిన్న కీ మాత్రం దాచి, టోకెన్‌ను ఆ కీతో ఎన్‌క్రిప్ట్ చేసి ఫైల్‌లో పెట్టడం.

డేటాబేస్ కాలమ్‌లో హ్యాష్‌కి 255 అక్షరాలు ఇవ్వండి. బీక్రిప్ట్‌కి 60 చాలు, ఆర్గాన్2కి అంతకంటే ఎక్కువ కావాలి. మైఎస్‌క్యూఎల్ స్ట్రిక్ట్ మోడ్ (కాలమ్‌లో పట్టనిదాన్ని కోయకుండా ఎర్రర్ ఇచ్చే సెట్టింగ్) 5.7 వెర్షన్ నుంచి మామూలుగా ఆన్‌లోనే ఉంటుంది. దాన్ని ఎవరైనా ఆఫ్ చేసి ఉంటే, పొడవాటి హ్యాష్ కోతపడి, ఆ యూజర్ ఇక జన్మలో లాగిన్ కాలేడు.

7. పాత యూజర్లను బయట నిలబెట్టకండి

నా చేతులు కాలింది ఇక్కడే. ఒక ప్రాజెక్ట్‌లో వెబ్ ఫారంలో మ్యాక్స్‌లెంగ్త్ 32 ఉండేది. మంచి పని చేస్తున్నామనుకుని 64 చేశాం, శుక్రవారం సాయంత్రం అప్‌డేట్ పెట్టి ఇళ్లకు వెళ్లాం. తెల్లారేసరికి లాగిన్ కావడం లేదని వరసగా ఫిర్యాదులు. ఒకటే టెన్షన్. జరిగింది ఇదీ: కొందరి పాస్‌వర్డ్ మేనేజర్‌లో 40 అక్షరాలు ఉన్నాయి. వాళ్లు అకౌంట్ తెరిచిన రోజు పేస్ట్ చేస్తే ఫారం 32కి కోసింది, రోజూ లాగిన్‌లోనూ అలాగే కోసింది. రెండుచోట్లా ఒకేలా కోసింది కాబట్టి పనిచేసింది. మేం 64 చేయగానే మొత్తం 40 సర్వర్‌కి వెళ్లాయి, దాచిన హ్యాష్ మాత్రం 32కే ఉంది. పరిమితిని తగ్గిస్తే జనం ఇబ్బందిపడతారని అందరికీ తెలుసు, పెంచినా పడతారని మాకు ఆ శనివారం తెలిసింది.

అందుకని ఇలా మార్చండి:

- ప్రతి హ్యాష్ పక్కన ఒక వెర్షన్ నంబర్ దాచండి. పాత నియమంతో చేసినవి 1, కొత్తవి 2.
- లాగిన్‌లో వెర్షన్ 1 అయితే పాత పద్ధతిలోనే, అంటే అదే కోతతో, నార్మలైజ్ చేయకుండా, సరిచూడండి.
- సరిపోయి, పాస్‌వర్డ్ పాత పరిమితి లోపలే ఉంటే, అక్కడికక్కడే కొత్త పద్ధతిలో హ్యాష్ చేసి వెర్షన్ 2గా మార్చండి.
- పాత పరిమితి దాటి ఉంటే మాత్రం దానంతటదే మార్చకండి. తోక భాగాన్ని ఇంతవరకూ ఎవరూ సరిచూడలేదు. యూజర్ ఈరోజు తోకలో ఒక అక్షరం తప్పు కొట్టి ఉండొచ్చు. మీరు ఆ తప్పునే కొత్త పాస్‌వర్డ్‌గా దాచేస్తారు, రేపు సరిగ్గా కొడితే లోపలికి రానివ్వరు. అలాంటివాళ్లను లోపలికి పంపి, కొత్త పాస్‌వర్డ్ రెండుసార్లు అడిగి పెట్టించండి.

సరిగ్గా పనిచేస్తోందో లేదో ఎలా చూడాలి

తోక పరీక్ష: పొడవాటి పాస్‌వర్డ్‌తో అకౌంట్ తెరవండి. చివరి అక్షరం ఒక్కటి మార్చి లాగిన్ చేయండి. లోపలికి వచ్చేశారంటే ఎక్కడో కోత పడుతోంది. ఎక్కడో తెలియాలంటే చివర్నుంచి ఒక్కో అక్షరం తీసేస్తూ లాగిన్ చేయండి, ఏ పొడవు దగ్గర లాగిన్ మొదటిసారి విఫలమైతే దానికి ఒకటి కలిపిన అంకే ఆ పరిమితి. 72 వచ్చిందా, బీక్రిప్ట్. 8 వచ్చిందా, డీఈఎస్ క్రిప్ట్ అనే పాత యూనిక్స్ హ్యాష్ లేదా పాత గెట్‌పాస్. 127, 128 దగ్గరైతే ఏదో బఫర్. 32, 64 లాంటి గుండ్రటి అంకెలైతే ఇన్‌పుట్ బాక్సు మీద అనుమానం పెట్టుకోండి.

అంచు పరీక్ష: 8, 64, 72, 128, 256, 512 బైట్లకు ఒక్కోదానికి ఒకటి తక్కువ, సరిగ్గా అంత, ఒకటి ఎక్కువ. మరీ పొడవన్న తిరస్కారం 513కి మాత్రమే రావాలి, అదీ మీరు రాసిన మెసేజ్‌తో. మీ కనీస పొడవు 8 అయితే 7 దగ్గర, 15 అయితే 7, 8, 9 మూడిటి దగ్గరా మరీ చిన్నదని రావాలి.

అడ్డదిడ్డం పరీక్ష: ఒక ప్లాట్‌ఫామ్‌లో అకౌంట్ తెరిచి మిగతా అన్నిట్లో లాగిన్ చేయండి. ఐదు ప్లాట్‌ఫామ్‌లైతే ఇరవై జతలు. విసుగే, కానీ ఆటోమేట్ చేయొచ్చు. వాడే పాస్‌వర్డ్‌లలో ఈ నాలుగూ ఉండాలి: "స్త్రీ" ఐదుసార్లు, ఐత్వం ఉన్న మాట రెండు రూపాల్లోనూ, ఒక ఎమోజీ, చివర ఖాళీ ఉన్నది. ఎమోజీ యూటీఎఫ్-8లో సాధారణంగా 4 బైట్లు, యూటీఎఫ్-16లో 2 ముక్కలు. కోత సరిగ్గా ఆ రెండు ముక్కల మధ్య పడితే చెల్లని స్ట్రింగ్ తయారై, కొన్ని లైబ్రరీలు దాన్ని ప్రశ్న గుర్తుగా మార్చేస్తాయి.

డీబగ్ చేస్తూ పాస్‌వర్డ్‌ను లాగ్‌లో రాయకండి. పొడవు రాయడం కూడా టెస్ట్ సర్వర్‌లోనే, పని కాగానే తీసేయండి.

మీరు పాస్‌వర్డ్‌ను వేరే సిస్టమ్‌కి అందించేవాళ్లైతే

అవతలి పరిమితిని మీ ఫారంలోనే చూపించండి. తరచూ తగిలేవి ఇవి:

- వైఫై డబ్ల్యూపీఏ2 పాస్‌ఫ్రేజ్ 8 నుంచి 63 ఆస్కీ అక్షరాలు. సరిగ్గా 64 హెక్స్ అంకెలు వస్తే అది పాస్‌ఫ్రేజ్ కాదు, నేరుగా కీ. రెండిటినీ ఒకేలా చూడకండి.
- దూరంనుంచి వేరే కంప్యూటర్ స్క్రీన్ చూపించే వీఎన్‌సీలో, పాత పద్ధతి పాస్‌వర్డ్‌కి మొదటి 8 బైట్లే లెక్క.
- సాక్స్5 ప్రాక్సీలో పొడవు ఒక్క బైటులో రాస్తారు, కాబట్టి 255 బైట్లు దాటదు.
- నెట్‌వర్క్ లాగిన్లు సరిచూసే రేడియస్ ప్రోటోకాల్‌లో 128 బైట్లు.
- మైఎస్‌క్యూఎల్ రెప్లికేషన్ (డేటాబేస్‌ను ఇంకో సర్వర్‌కి కాపీ చేసే పని) అకౌంట్ పాస్‌వర్డ్ 32 అక్షరాలు.
- ఏఈఎస్-256తో ఎన్‌క్రిప్ట్ చేసిన పీడీఎఫ్‌లో 127 బైట్లు.

ఇక్కడ కూడా మీరు కోయకండి. అవతలి సిస్టమే కోసే రకమైతే, వీఎన్‌సీ లాగా, "మొదటి 8 మాత్రమే పనిచేస్తాయి" అని యూజర్‌కి ముందే చెప్పండి. నార్మలైజేషన్ కూడా మీ ఇష్టప్రకారం చేయకండి. అవతలివాళ్లు ఏ రూపంలో దాచారో దాన్నే పంపాలి, లేదంటే మీరు మంచికోసం మార్చిన ఐత్వమే లాగిన్‌ను చెడగొడుతుంది.